ల్యాబ్రడార్, బీగల్, పగ్: పిల్లలున్న ఇంటికి ఏది మేలు?

కుక్కను తెచ్చుకుందాం అనుకున్న ఇంట్లో మొదటి మాట రూపం గురించే వస్తుంది. ఆ చెవులు చూడు, ఆ కళ్లు చూడు అంటూ పిల్లలు ఫోన్లో ఫొటో చూపిస్తూ వెంటపడతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది గోడ మీది గడియారాన్ని. పొద్దున్నే దాన్ని బయటికి తీసుకెళ్లేది ఎవరు? పగలంతా దానితో ఇంట్లో ఉండేది ఎవరు? ఇది తేలాకే జాతి సంగతి.

నేను ల్యాబ్‌నూ పెంచాను, బీగల్‌నూ పెంచాను. కాబట్టి ఆ రెండింటి గురించే ఎక్కువ చెబుతాను.

ల్యాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల వెంట పనిచేసేవి. వల జారిన చేపల్ని, తాళ్లని నీళ్లలోంచి నోట కరుచుకుని తెచ్చి ఇచ్చేవి. తెచ్చి మనిషి చేతికి అందించడంలో ఉన్న ఆ సంతోషం ఇప్పటికీ పోలేదు. మా ల్యాబ్ పాప చేతిలోంచి బంతి తీసుకునేటప్పుడు వేళ్లకి పన్ను తగలనిచ్చేది కాదు. నేర్పితే ఇట్టే నేర్చుకుంటుంది, కొత్తవాళ్లతోనూ కలిసిపోతుంది. కానీ పెరిగాక 25 నుంచి 36 కిలోల బరువుంటుంది. సంబరంతో తోక ఊపిందంటే టీపాయ్ మీది గ్లాసులన్నీ కిందే. నడక నేర్చుకునే పిల్లలున్నప్పుడు అది ప్రేమగా మీదికొచ్చినా పడిపోయేది పిల్లలే. రోజుకి గంటకు తక్కువ కాకుండా నడక, పరుగు ఉండాలి. లేకపోతే చెప్పులు, సోఫా అంచులు కొరికేస్తుంది.

ఇంకో సంగతి ఆకలి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ల్యాబ్‌లలో ఒక జన్యులోపాన్ని గుర్తించారు. దాదాపు నాలుగో వంతు ల్యాబ్‌లలో అది ఉంది. అది ఉన్న కుక్కకి తిండి మీద ధ్యాస ఎక్కువ, ఒళ్లు కూడా త్వరగా చేస్తుంది. అందుకే అది జాలిగా చూసిందని ఇంట్లో తలో ముక్కా పెట్టకండి. అసలే తుంటి కీళ్ల జబ్బు వచ్చే జాతి, దానికి బరువు కూడా తోడైతే నడవలేని స్థితికి వస్తుంది.

బీగల్ 9 నుంచి 11 కిలోలే. పిల్లలు ఒళ్లో పెట్టుకోగలిగినంత చిన్నది, స్వభావం కూడా మంచిదే. ఇల్లు చిన్నదని చాలామంది దీన్ని ఎంచుకుంటారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. గుంపులుగా కుందేళ్లని వాసన పట్టి తరమడానికి పెంచిన జాతి ఇది. ముక్కు నేలకి ఆనించి, తోక నిలబెట్టి ఒక వాసన వెంట పడిందంటే, మీరు ఎంత పిలిచినా చెవి కూడా కదపదు. మా బీగల్‌ని తలుపు వేయని ఆవరణలో వదిలినప్పుడల్లా నాకు టెన్షనే. అది గుంపులో బతికే జీవి కాబట్టి ఒంటరిగా ఉండలేదు. అందరూ బయటికెళ్లాక ఊళ మొదలుపెడితే పక్కింటివాళ్లకి నిద్ర ఉండదు. మొరుగుడు వేరు, ఆ గొంతు వేరు. పగలు ఇంట్లో మనిషి ఉంటారా, గోడ పక్కనే ఇంకో కుటుంబం ఉందా అన్నది చూసుకునే బీగల్‌ని తెచ్చుకోవాలి.

బొచ్చు రెండూ రాలుస్తాయి. చీపురు సిద్ధంగా పెట్టుకోండి.

పగ్ సరదా అయినది, పిల్లలంటే ప్రాణం పెడుతుంది. అయినా నేను దాన్ని తెచ్చుకోమని చెప్పలేను. ముఖం అణిగిపోయేలా పెంచుతూ వచ్చారు కాబట్టి ముక్కు రంధ్రాలు ఇరుకు, లోపల గాలి ఆడే దారీ ఇరుకే. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది ప్రధానంగా రొప్పడంతోనే. పగ్‌కి అదే కష్టం. ముద్దుగా గురక పెడుతోంది అనుకుంటాం. చాలాసార్లు అది ఊపిరి అందక పడే అవస్థ.

జర్మన్ షెపర్డ్ గొప్ప కుక్కే, కాకపోతే దానికి రోజూ ఏదో ఒక పని, శిక్షణ కావాలి. మొదటిసారి కుక్కను పెంచేవాళ్లు దానితో మొదలుపెట్టకపోవడం మంచిది.

రోజూ నడిపించే మనిషి ఉంటే నా ఓటు ల్యాబ్‌కే. లేకపోతే ఈ మూడింటికన్నా దిక్కులేని కుక్కల్ని చేరదీసే షెల్టర్లో ఉన్న రెండు మూడేళ్ల మిశ్రమజాతి కుక్క మేలంటాను. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం ఒక కుక్క ప్రవర్తనకీ ఇంకో కుక్క ప్రవర్తనకీ ఉన్న తేడాలో జాతి వాటా 9 శాతమే. కుక్కపిల్ల ఎలా పెరుగుతుందో ఊహించుకోవాలి. ఎదిగిన కుక్క స్వభావం మాత్రం కళ్లముందే ఉంటుంది. పిల్లల్ని వెంటబెట్టుకుని రెండు మూడు సార్లు వెళ్లండి. పిల్లల్ని నిశ్శబ్దంగా నేల మీద కూర్చోమనండి. కుక్క ఒళ్లు వదులుగా ఉంచి తనంతట తానే వాళ్ల దగ్గరికి వస్తోందా? లేక ముఖం తిప్పుకుని, పెదాలు నాక్కుంటూ, మూలకి జరుగుతోందా? జరుగుతుంటే అది భయపడుతోందని అర్థం. దాన్ని బలవంతపెట్టకుండా ఇంకో కుక్కను చూడండి.