ఆర్సెనిక్, సయనైడ్: పేర్లు రెండూ రంగుల చలవే

ఆర్సెనిక్‌ పేరు పసుపుపచ్చ ఖనిజం హరిదళం నుంచి వచ్చింది. దాని పర్షియన్ పేరు ‘జర్నీఖ్’లో ‘జర్’ అంటే బంగారం. గ్రీకులో అదే ‘ఆర్సెనికాన్’ అయింది. మన పాషాణం మాత్రం సంస్కృతంలో వట్టి రాయి.

సయనైడ్ సంగతి మరీ తమాషా. గ్రీకు ‘క్యానోస్’ ముదురు నీలం. పొటాషియం సయనైడేమో తెల్లటి పొడి! 1782లో రసాయన శాస్త్రవేత్త షీలే సయనైడ్ విషామ్లాన్ని ప్రష్యన్ బ్లూ అనే నీలం రంగుపొడి నుంచి తీశాడు, నీలం పేరుకు అంటుకుంది. ఆ రంగుపొడిలో సయనైడ్‌ను ఇనుము గట్టిగా పట్టి ఉంచుతుంది. అందుకే అది విడిపోయి చంపదు; థాలియం అనే లోహపు విషానికి ఆ రంగుపొడినే మందుగా మింగిస్తారు.

సయనైడ్ మన శరీర కణాలను ఆక్సిజన్ వాడుకోనివ్వదు, నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. ఆర్సెనిక్ తాగునీటితో ఏళ్లతరబడి లోపలికి చేరి గోళ్లలో, జుట్టులో కూడా పేరుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు.