ఇంటర్ బెజవాడలోనా, హైదరాబాద్‌లోనా? ఎంబీబీఎస్ సీటుకు ఏది మేలు?

పదో తరగతి అయ్యేసరికి విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఒకటే చర్చ: బైపీసీ ఇక్కడే చదివించాలా, హైదరాబాద్ పంపాలా? ఫీజు, హాస్టల్, ఫ్యాకల్టీ గురించి అందరూ ఆరా తీస్తారు. పిల్లలు ఎక్కడ లోకల్ అవుతారన్నది మాత్రం నీట్ ర్యాంకు చేతికొచ్చాకే గుర్తొస్తుంది. ముందు చూడాల్సింది అదే. మన రాష్ట్రంలో కన్వీనర్ కోటా (నీట్ ర్యాంకు మీద రాష్ట్ర కౌన్సెలింగ్‌లో నింపే) సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లవే.

ఆరు నుంచి పది దాకా ఇక్కడ చదివి, ఇంటర్ ఒక్కటీ హైదరాబాద్‌లో చేస్తే ఇక్కడ లోకల్ అవుతారో లేదో ఆ ఏడాది అడ్మిషన్ నిబంధనల్లో ముందే చూసుకోండి. లోకల్ లెక్కలో విజయవాడ, గుంటూరు ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా కిందికి వస్తాయి. గుంటూరు మెడికల్ కాలేజీ ఆ ఏరియాలోదే. తెలంగాణలో లోకల్ అవుతారన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. 2024 నుంచి అక్కడ తొమ్మిది మొదలు ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు చదివి ఉండాలి.

అసలు దెబ్బ తగిలేది అటునుంచి ఇటు వచ్చేవాళ్లకు. హైదరాబాద్‌లో స్థిరపడ్డ మన బంధువులు చాలామంది 'ఇంటర్ అంటే బెజవాడే' అని పిల్లల్ని ఇక్కడి హాస్టళ్లలో చేరుస్తారు. ఆ రెండేళ్ల వల్ల తెలంగాణలో లోకల్ హోదా పోతుంది. ఇక్కడ చూస్తే ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లలో చదివింది రెండేళ్లే, కాబట్టి ఇక్కడా లోకల్ కారు. కొందరు కోర్టుకు వెళ్లారు గానీ, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తెలంగాణ నిబంధననే సమర్థించింది. తల్లిదండ్రుల్లో ఒకరు మన రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉంటే ఇక్కడి 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్లకు పోటీ పడొచ్చు. ఆ సీట్లకు లోకల్ వాళ్లూ పోటీ పడతారు, పోటీ గట్టిగానే ఉంటుంది.

ఆలిండియా కోటాకు ఈ గొడవేమీ లేదు. మంగళగిరి ఎయిమ్స్ పక్కనే ఉన్నా గుంటూరు పిల్లలకు అక్కడ ప్రత్యేకంగా ఒక్క సీటూ ఉండదు.

నా మాటగా చెప్పాలంటే, మనవాళ్లకు ఇంటర్ ఇక్కడే మేలు. హైదరాబాద్ వాళ్లకు హైదరాబాదే మేలు. లాంగ్ టర్మ్ (ఇంటర్ అయ్యాక నీట్ కోసం తీసుకునే కోచింగ్) ఎక్కడ తీసుకున్నా ఫర్వాలేదు, లోకల్ లెక్క ఇంటర్ పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో ఆగిపోతుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి: క్లాసులు ఒక బ్రాంచిలో, అడ్మిషన్ ఇంకో ఊరి కాలేజీలో చూపించే పద్ధతి ఉంది. స్టడీ సర్టిఫికెట్ మీద ఏ ఊరి పేరు వస్తుందో ఫీజు కట్టకముందే అడగండి.