తీర్థన్ లోయలో నాలుగు తెల్లవారుజాములు

ఫ్లై ఫిషింగ్‌కి, అంటే ఈకలతో కట్టిన నకిలీ పురుగుతో చేపలు పట్టడానికి, వెళ్ళేటప్పుడు బస ఎంచుకోవడానికి నేనిప్పుడు ఒక్కటే అడుగుతున్నాను: పొద్దున్న ఆరింటికి నీళ్ళలో నిలబడి ఉండగలమా, లేదా? గది, పరుపు, బాల్కనీ, వైఫై అన్నీ ఆ తర్వాతే. హిమాచల్‌లోని తీర్థన్ లోయలో రెండు ఉదయాలు చేజారాక గానీ ఈ సంగతి నాకు తలకెక్కలేదు.

ఏప్రిల్ చివర్లో వెళ్ళాం. నేను, మా బావమరిది, మా ఇద్దరికీ ఈ పిచ్చి అంటించిన మాస్టారు. మాస్టారు రిటైరయ్యాక కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం పెట్టుకుని ఫ్లైలు తనే కట్టుకుంటున్నారు. మా బావమరిదికి ఇది రెండో ట్రిప్పు. తొమ్మిదడుగుల కొత్త రాడ్డు, ఎక్కువ జేబులున్న చొక్కా, పెద్ద ఉత్సాహం.

ఢిల్లీలో సాయంత్రం బస్సెక్కితే తెల్లారేసరికి ఔట్ అనే ఊరి దగ్గర, సొరంగం మొదట్లో దించుతాడు. అక్కడికి కాస్త ముందు తలౌట్ వస్తుంది. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి వెళ్ళిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో కొట్టుకుపోయింది అక్కడే. పైనున్న లార్జీ డ్యాం నుంచి నీళ్ళు వదిలారు, రాళ్ళ మీద ఫొటోలు దిగుతున్న పిల్లలకి తప్పుకునే టైం కూడా దొరకలేదు. బస్సులో ముగ్గురం మాట్లాడకుండా ఆ నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాం. నీళ్ళలో దిగే సరదా ఉన్న ప్రతి తెలుగువాడూ ఆ తేదీ గుర్తుపెట్టుకోవాలి. పైన డ్యాం ఉన్న నదిలో అడుగుపెట్టే ముందు నీళ్ళు ఎప్పుడు వదులుతారో అక్కడి వాళ్ళని అడిగి తెలుసుకోవాలి. తీర్థన్ నాకు నచ్చడానికి మొదటి కారణం కూడా ఇదే. ఈ నది మీద విద్యుత్ ప్రాజెక్టులు కట్టకూడదని స్థానికులు పోరాడి సాధించుకున్నారు. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ కొండల్లో పుట్టి, లార్జీ దాకా దాని నడక దానిదే.

ఔట్ నుంచి బంజార్, అక్కడి నుంచి గుషైనీ. టాక్సీలో గంటన్నర కూడా పట్టదు. మొదట దిగిన బస ఆ దారిలోనే ఉంది. పేరు చెప్పను. బుక్ చేసేటప్పుడు 'నది పక్కనే' అన్నారు. నది కనిపిస్తుంది, నిజమే. కానీ దిగాలంటే రెండు వందలకు పైగా మెట్లు. గేటు ఏడింటికి తీస్తారు, టిఫిన్ ఎనిమిదిన్నరకి. గది మాత్రం అద్దంలా ఉంది, వేడినీళ్ళు బాగా వచ్చాయి, పనివాళ్ళు మర్యాదగా ఉన్నారు. కుటుంబంతో విశ్రాంతికి వెళ్ళేవాళ్ళకి మంచి చోటు. ట్రౌట్ చేపల కోసం వెళ్ళేవాడికి కాదు.

ఎందుకంటే ఆ రోజుల్లో నది గడియారాన్ని బట్టి మారుతుంది. రాత్రి చలికి పైన మంచు కరగడం ఆగిపోతుంది కాబట్టి తెల్లవారుజామున నీళ్ళు తగ్గి, తేటగా, అడుగున రాయి రాయీ కనిపించేలా ఉంటాయి. ఎండ ఎక్కాక కరిగిన మంచు నెమ్మదిగా కిందికి చేరుతుంది. మధ్యాహ్నానికి నీళ్ళు జానెడు పెరిగి, బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడతాయి. మేము టిఫిన్ చేసి, మెట్లు దిగి, రాడ్లు బిగించి, ముడులు వేసుకునేసరికి పదిన్నర. ఇంక మిగిలేది ఒకటి రెండు గంటలే.

దానికి తోడు గైడు. బసవాళ్ళే కుదిర్చారు. మంచి కుర్రాడే, కానీ తెచ్చింది స్పిన్నింగ్ రాడ్డు, తళతళలాడే రేకు స్పిన్నర్లు. 'ఇదే సార్ ఫ్లై ఫిషింగ్' అన్నాడు. తప్పు అతనిది కాదు. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడిగేది అదే. కానీ రెండూ వేరు. మన కాలవ గట్టు మీద గాలమైనా, స్పిన్నరైనా కొసన బరువుంటుంది. ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అంటే కొక్కెం మీద రెండు ఈకలు, కాస్త బొచ్చు, చుట్టిన దారం, అంతే. ఊదితే ఎగిరిపోతుంది. అందుకని బరువంతా లైన్‌లోనే పెడతారు. మనం విసిరేది లైన్‌ని, దాని వెనకాల ఫ్లై వెళ్తుంది. వానపాము గుచ్చి బెండు మునిగేదాకా కూర్చునే ఓపిక ఒక రకం. పారే నీళ్ళ మీద ఫ్లైని ఎండుటాకులా వదిలి, లైన్ దాన్ని లాగకుండా కాపాడుకునే ఓపిక ఇంకో రకం. రెండూ నాకు ఇష్టమే. కానీ ఒకదాని కోసం అంత దూరం వెళ్ళి ఇంకోటి చేసి రావడం బాధగా ఉంటుంది. ఫోన్లోనే అడగండి: 'మీ దగ్గర ఫ్లై రాడ్డుందా? లైన్ ఎన్నో నంబరు?' లైన్ బరువుని తెలిపే ఆ నంబరు చెప్పగలిగితే నిశ్చింతగా మాట్లాడుకోవచ్చు.

రెండో రోజు మధ్యాహ్నం మాస్టారు నిర్ణయం చెప్పేశారు. "బాబూ, ఈ పరుపు మీద నిద్ర బాగానే పడుతోంది. కానీ నిద్రపోవడానికైతే మా ఇంటి అరుగుంది."

ఆ సాయంత్రమే గుషైనీ దాటాక ఒక రైతు ఇంటికి మారాం. చెక్క ఇల్లు, కింద ఆవులు, పైన మేము. స్నానాల గది బయట, బకెట్‌తో వేడినీళ్ళు, రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది. మొదటి చోట ఇచ్చినదాంట్లో సగం అద్దె, అందులోనే రెండు పూటలా భోజనం. గడప నుంచి నదికి నలభై అడుగులు. నేనే లెక్కపెట్టాను. ఇంటాయన ఐదింటికి టీ ఫ్లాస్కు, మడతపెట్టిన రొట్టెలు గుమ్మం దగ్గర పెట్టేసి పశువుల దగ్గరికి వెళ్ళిపోయేవాడు. మూడో రోజు ఆరు కాకముందే ముగ్గురం నీళ్ళలో ఉన్నాం.

కొత్త గైడు ఇంటాయన తమ్ముడి కొడుకు. ముందు రాడ్డు ముట్టుకోలేదు. అంచున ఒక రాయి తీసి తిరగేశాడు. దాని అడుగున బియ్యపు గింజంత గూళ్ళు, ఇసుక రేణువులు ఒక్కొక్కటే అతికించి కట్టినవి. ఒకదాన్ని గోటితో మెల్లగా నొక్కితే లోపల లేతపచ్చ పురుగు, నల్లటి తల. కాడిస్ పురుగు అది. పక్కనే చదునుగా, మూడు తోకలతో పాకుతున్న మేఫ్లై పిల్ల. 'ఇవాళ వాటి భోజనం ఇదీ' అని రాయిని మళ్ళీ యథాస్థానంలో పెట్టాడు. ఆ రాయిని జాగ్రత్తగా తిరిగి పెట్టాడే, అప్పుడే నాకు అతని మీద నమ్మకం కుదిరింది. పధ్నాలుగో నంబరు ఫెజెంట్ టెయిల్ నింఫ్, అంటే నీళ్ళలోని పురుగు పిల్లలా కనిపించే ఫ్లై, కట్టించాడు. కొక్కేల నంబర్లలో అంకె పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, కొత్తవాళ్ళు దీనికి తికమకపడతారు. చివరి సన్న దారం, అంటే టిపెట్, 5ఎక్స్. దానికో చిన్న లెక్కుంది: పదకొండులోంచి ఎక్స్ ముందున్న అంకె తీసేస్తే మిగిలేది దాని మందం, అంగుళంలో వెయ్యోవంతుల్లో. 5ఎక్స్ అంటే ఆరు. తేటనీళ్ళలో అంతకన్నా లావుగా ఉంటే చేప దారాన్ని చూసేస్తుంది.

రాడ్డు విషయంలో మా ముగ్గురికీ ఎప్పుడూ వాదనే. అన్ని చోట్లా పనికొచ్చేది ఐదో నంబరు లైన్‌కి సరిపోయే తొమ్మిదడుగుల రాడ్డే, అందులో అనుమానం లేదు. కానీ గుషైనీ పైన చెట్లు నది మీదికి వంగి ఉంటాయి, వెనక్కి విసిరే చోటుండదు. మాస్టారి పాత ఏడున్నర అడుగుల ఫైబర్‌గ్లాస్ రాడ్డు అక్కడ హాయిగా పనిచేసింది. మా వాడి ఫ్లై మాత్రం గంటలో నాలుగోసారి కొమ్మకి చిక్కుకుంది.

"నాయనా, దేవదారుకి ట్రౌట్లు కాయవు," అన్నారు మాస్టారు.

"మీరు కట్టిన ఈగ కదా మాస్టారూ, నీళ్ళలో వేస్తే తడిసి పాడైపోతుందని పైన దాచాను."

"దాచినవన్నీ నా డబ్బాలోంచే పోతున్నాయి. బావగారూ, మీవాడికి రోల్ కాస్ట్ నేర్పండి, నా ఈకలు అయిపోతున్నాయి."

రోల్ కాస్ట్ అంటే లైన్‌ని వెనక్కి ఎగరేయకుండా, నీళ్ళ మీద నుంచే ముందుకి చుట్టలా దొర్లించడం. అరగంట నేర్పాను. వాడు నేర్చుకుని ఒక పెద్ద బండ వెనకాల నింఫ్ వదిలాడు. లైన్ క్షణం ఆగింది, అంతే. బెండు మునిగినట్టు స్పష్టంగా ఏమీ ఉండదు, పారే లైన్ ఒక్క క్షణం మనసు మార్చుకున్నట్టు ఆగుతుంది. వాడు రాడ్డెత్తాడు. మూడు నిమిషాల తర్వాత వలలో పదకొండంగుళాల బ్రౌన్ ట్రౌట్. పొట్ట వెన్నరంగు, ఒళ్ళు ముదురు పసుపు, పక్కల ఎర్రచుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేత వలయం. చేతులు తడిపి పట్టుకోమన్నాడు గైడు. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురుపొర ఊడిపోతుంది, వదిలాక జబ్బుపడుతుంది. ముల్లు నొక్కేసిన కొక్కెం కాబట్టి ఒక్క మలుపుకి ఊడొచ్చింది. దాన్ని పారే నీళ్ళకి ఎదురుగా పట్టుకుంటే నాలుగుసార్లు మొప్పలాడించి వెళ్ళిపోయింది. మా బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. మాస్టారు వాడి భుజం మీద చెయ్యేసి, "ఇంక నా డబ్బా నీదే" అన్నారు.

ఈ చేప అక్కడిది కాదు. 1899లో కశ్మీర్‌కి తెప్పించిన మొదటి గుడ్లు దారిలోనే పాడైపోయాయి. మరుసటి ఏడాది స్కాట్లండ్ నుంచి వచ్చినవి బతికాయి. కశ్మీర్ నుంచి కులూ లోయకి చేరింది. నూరేళ్ళకు పైగా ఈ చల్లనీళ్ళలో పుట్టి పెరుగుతోంది.

సామాన్ల సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. మొదటి బస దగ్గర వేడింగ్ బూట్లు, అంటే నీళ్ళలో నడిచే బూట్లు, అద్దెకి తీసుకున్నాం. అడుగు అరిగిపోయి ఉన్నాయి. నాచు పట్టిన రాయి మీద మాస్టారు జారి మోకాలు కొట్టుకున్నారు. ఆ వయసులో అది చిన్న విషయం కాదు, నాకు గుండె ఝల్లుమంది. రాడ్డు అద్దెకి తీసుకోవచ్చు, బూట్లు మాత్రం సొంతానివి తీసుకెళ్ళండి. ఫెల్ట్, అంటే ఒత్తిన ఉన్నిలాంటి గుడ్డ, అడుగున ఉంటే తడి రాయిని బాగా పట్టుకుంటుంది. కానీ తడి అంత త్వరగా ఆరదు, ఒక నది క్రిముల్ని ఇంకో నదికి మోస్తుంది. నేను రబ్బరు అడుగుకి మేకులున్నవి వాడుతున్నాను. చేతికర్ర ఒకటి, పోలరైజ్డ్ కళ్ళద్దాలు ఒకటి. ఆ అద్దాలు లేకపోతే నీళ్ళ మీద మెరుపే కనిపిస్తుంది, నీళ్ళలో చేప కనిపించదు.

లైసెన్స్ ఫిషరీస్ శాఖ ఇస్తుంది. తీసుకోకుండా దిగొద్దు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గుడ్లుపెట్టే కాలం, ట్రౌట్ నీళ్ళు మూసేస్తారు. జూలై, ఆగస్టుల్లో వానలకి నది బురద. మిగిలేవి మార్చి నుంచి జూన్ సగం దాకా, మళ్ళీ సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ దాకా.

వచ్చేటప్పుడు బరోట్‌లో ఒకరోజు ఆగాం. ఉహల్ నది అందంగా ఉంటుంది, ఊరు దాటి పైకి నడిస్తే నీళ్ళు కూడా బాగున్నాయి. బ్రిటిష్ కాలంలో కట్టిన షానన్ విద్యుత్ కేంద్రానికి నీళ్ళు వెళ్ళేది ఇక్కడి నుంచే. మేము వెళ్ళింది శనివారం, ఒడ్డంతా పిక్నిక్ జనం, స్పీకర్లు. వారం మధ్యలో వెళ్తే నా అభిప్రాయం మారుతుందేమో.

అంతకుముందోసారి కశ్మీర్‌లో కోకర్‌నాగ్ దగ్గర బ్రింగి వాగులో వేశాను. అక్కడి పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చింది. వాగుని బీట్లుగా విడగొట్టి, ఫలానా రోజు ఫలానా బీట్ అని పర్మిట్ ఇస్తారు. ఆ రోజుకి ఆ నీళ్ళలో గుంపు ఉండదు. చేపలూ పెద్దవే. కానీ మాస్టారిని తీసుకుని, రైతు ఇంట్లో పడుకుని, గుమ్మంలోంచి దిగి చేపకి వెళ్ళే సుఖం అక్కడ దొరకలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి తీర్థన్, చెయ్యి తిరిగినవాళ్ళకి బ్రింగి అని చెప్తాను నేను.

నాలుగో రోజు పొద్దున్న మాస్టారు మోకాలికి గుడ్డ కట్టుకుని ఒడ్డునే బండ మీద కూర్చున్నారు, నీళ్ళలో దిగొద్దని మేమే బతిమాలాం. గైడు కుర్రాడు ఆయన పక్కన చేరాడు. ఇద్దరికీ భాష కలవదు, ఆయన హిందీ అంతంతమాత్రం. జేబులోంచి కొక్కెం బిగించే చిన్న వైజు తీసి, ఆ కుర్రాడు తెచ్చిచ్చిన కోడిపుంజు ఈకతో, బ్రౌన్ దారంతో ఒక ఫ్లై కట్టి చూపించారు. తర్వాత వాడు కట్టాడు. మొదటిది విడిపోయింది, రెండోది నిలబడింది. దాన్ని నేనే నా టిపెట్‌కి ముడివేసి బండ పక్కన వదిలాను. రెండో సారికే చేప తీసుకుంది. ఒడ్డున ఆ కుర్రాడు ఎగిరి గంతేశాడు.

సెప్టెంబర్ చివర్లో మళ్ళీ వెళ్తున్నాం. ఇంటాయనకి ఫోన్ చేస్తే, వానలు ఆగి నీళ్ళు తేటపడగానే కబురు చేస్తానన్నాడు. మాస్టారిని కొంచెం ఈకలు ఎక్కువ తెమ్మని వాళ్ళ కుర్రాడు చెప్పమన్నాడట.