చలికాలపు ఓట్స్ జావకు ఏ ఓట్స్ మేలు?

ధనుర్మాసం వచ్చిందంటే మా ఇంట్లో ఉదయం ఇడ్లీకి గిరాకీ తగ్గుతుంది. పళ్లెంలో పెట్టిన రెండు నిమిషాలకే చల్లారిపోతాయి. సంక్రాంతి దాటేవరకు సొంఠి, దాల్చిన చెక్క వేసి కాచిన ఓట్స్ జావే మా ఫలహారం. ఏ ఓట్స్‌తో కాస్తే బాగుంటుందో తేల్చుకోవడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది.

పొట్టు తీసిన గింజను ఉక్కు కత్తులతో రెండు మూడు ముక్కలు చేస్తే స్టీల్ కట్ ఓట్స్; చూడటానికి గోధుమ నూకలా ఉంటాయి. గింజను ఆవిరి పట్టి రోలర్ల మధ్య అదిమితే రోల్డ్ ఓట్స్, అంటే దాదాపు మన అటుకుల పద్ధతే. ఇంకాస్త ఉడికించి ఇంకా పలచగా అదిమినవి ఇన్‌స్టంట్. మూడూ ఒకే గింజ కాబట్టి పోషకాల్లో పెద్ద తేడా లేదు: 40 గ్రాములకు సుమారు 5 గ్రాముల మాంసకృత్తులు, 4 గ్రాముల పీచు. తేడా అంతా అరిగే వేగంలోనే. ముక్క ఎంత గట్టిగా ఉంటే అంత నెమ్మదిగా అరుగుతుంది, రక్తంలో చక్కెర అంత నిదానంగా పెరుగుతుంది.

అందుకే ఇన్‌స్టంట్‌ను నేను మానేశాను. రెండు నిమిషాల్లో జిగురుముద్దవుతుంది, దాల్చిన చెక్క తన సారం వదలడానికి వ్యవధే దొరకదు. రుచులు కలిపిన పొట్లాలైతే కొనేముందు వెనకవైపు చక్కెర, ఉప్పు ఎంతో తప్పక చదవండి.

స్టీల్ కట్ రుచిలో అన్నిటికన్నా పైమెట్టు. కప్పుకు నాలుగు కప్పుల నీళ్లు, సన్నని సెగపై అరగంట. రాత్రి నానబెడితే ఆ సమయం బాగా తగ్గుతుంది. చెక్క ముక్క మొదటినుంచీ ఉడకడం వల్ల ఘాటు గింజలోకి దిగుతుంది, పంటికింద చిన్న పలుకు తగులుతుంది. ఆదివారానికి ఇదే. మధుమేహం ఉన్నవారికీ నా ఓటు దీనికే, బెల్లం వేయకుండా.

పిల్లలను బడికి పంపాల్సిన రోజుల్లో మాత్రం రోల్డ్ ఓట్స్‌ను మించినవి లేవు. చెంచా నెయ్యిలో చెక్క ముక్క, నలిపిన రెండు యాలకులు, దంచిన నాలుగు మిరియాలు వేసి, వాసన రాగానే కప్పు ఓట్స్ వేసి రెండు నిమిషాలు దోరగా వేయించండి. జిగురు తగ్గేది, కమ్మదనం వచ్చేది ఈ వేపులోనే. దీన్ని మాత్రం వదలకండి. తర్వాత కప్పున్నర నీళ్లు, చిటికెడు ఉప్పు. ఐదారు నిమిషాలకు కప్పు వేడి పాలు, అర చెంచా సొంఠి పొడి. బెల్లం పొయ్యి ఆపి, కాస్త వేడి తగ్గాకే కలపాలి. మరుగుతుండగా వేస్తే పాలు విరుగుతాయి. చెక్క ముక్కకు బదులు పొడి వాడేవారు దాన్ని ముందుగా బెల్లం తురుముతో కలిపి వేయాలి. నేరుగా చల్లితే ఉండలు కడుతుంది.

మరి రాగి జావ మాటేమిటి? కాల్షియం విషయంలో ఓట్స్ దాని దరిదాపుల్లోకి రావు: 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, ఓట్స్‌లో సుమారు 50. అందుకే మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకు చలికాలమంతా రాగి జావే కాస్తాను. అందులోకి వేసేదీ ఆ సొంఠే, ఆ యాలకులే.