పాత ఫిష్ ట్యాంక్‌లో టెర్రేరియం: మూత పెట్టాలా, తెరిచి ఉంచాలా? ఏది మేలు?

ఖాళీగా పడున్న ఫిష్ ట్యాంక్‌ని టెర్రేరియంగా, అంటే అద్దాల పెట్టెలో పెంచే చిన్న తోటగా మార్చేటప్పుడు చాలామంది ముందు మొక్కలు కొంటారు, తర్వాత ట్యాంక్ వైపు చూస్తారు. ఇది తిరగబడాలి. ఫిష్ ట్యాంక్ అడుగున నీళ్లు పోయే రంధ్రం ఉండదు. నాలుగువైపులా గోడలు ఎత్తుగా లేచి ఉండటంతో గాలి సరిగా ఆడదు. ఈ రెండూ తేమ కోరే మొక్కలకు కలిసొస్తాయి, పొడి నేల కోరేవాటికి ప్రాణం మీదకు తెస్తాయి. అందుకే మూత ఉన్న టెర్రేరియమా, తెరిచినదా అన్నది మన ఇష్టం కంటే ట్యాంక్ ఎత్తు మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ఏది చేసినా ముందు పని ఒకటే. నీటిమట్టం దగ్గర పేరుకున్న తెల్లటి చార సున్నం. వెనిగర్‌లో తడిపిన గుడ్డను అరగంట దానికి అంటించి ఉంచి, ప్లాస్టిక్ కార్డుతో గీకితే వచ్చేస్తుంది. సబ్బు వాడొద్దు. తర్వాత ట్యాంక్‌ని పొడి కాగితం పరిచిన చదునైన చోట పెట్టి, నీళ్లు నింపి 24 గంటలు వదిలేయండి. ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే ఆ అతుకు దగ్గర పాత సిలికాన్ (అద్దాల్ని అతికించే జిగురు) మొత్తం గీకి తీసి కొత్తది వేయాలి, ఎందుకంటే కొత్త సిలికాన్ పాతదాని మీద గట్టిగా పట్టదు. కొత్త సిలికాన్ పుల్లటి వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వండి. అడుగు అద్దానికే పగులు ఉంటే మాత్రం ఆ ట్యాంక్‌ని వదిలేయడం మంచిది, మట్టీ రాళ్ల బరువుకు అది ఆగదు.

పాత గులకరాళ్లను కడిగి మళ్లీ వాడుకోవచ్చు, కానీ ముందు వాటి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నపురాయో గవ్వల ముక్కలో ఉన్నట్టే. చాలా రకాల నాచు (మాస్), కొన్ని ఫెర్న్‌లు ఆ సున్నాన్ని సహించవు.

ఇక మూత ఉన్న పద్ధతి. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ బాగ్‌షా వార్డ్ సీతాకోకచిలుక జాతి పురుగు ప్యూపాను (గూటి దశలో ఉన్నదాన్ని) తడిమట్టితో సీసాలో పెట్టి మూసేస్తే, ఆ మట్టిలోంచి ఫెర్న్, గడ్డి మొలిచాయి. మొక్క వదిలిన ఆవిరి అద్దానికి పట్టి, చుక్కలై మళ్లీ మట్టిలోకే చేరడమే ఇందులోని సూత్రం. ఫిష్ ట్యాంక్‌కి ఇంతకంటే సరిపడే పని లేదు.

60×30×30 సెంటీమీటర్ల ట్యాంక్‌కి లెక్క ఇలా ఉంటుంది. అడుగున 3–4 సెంటీమీటర్ల మందాన గులకరాళ్లు గానీ కాల్చిన తేలికపాటి మట్టి ఉండలు గానీ. గులకరాళ్లయితే ఈ ఒక్క పొరే 11 కిలోల దాకా తూగుతుంది, మట్టి ఉండలు దాదాపు 3 కిలోలే. దానిమీద ఫైబర్ దోమతెర ముక్క. ఆపైన సగటున 7 సెంటీమీటర్ల మట్టి, అంటే సుమారు 12 లీటర్లు: బాగా కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) 6, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల పలుకులు) 3, సన్న బెరడు ముక్కలు 2, వర్మీకంపోస్ట్ 1. ఎరువు ఇంతకంటే పెంచొద్దు. మొక్కలు ఏపుగా పెరిగి మూతను తాకుతాయి, బూజూ ఎక్కువవుతుంది. మట్టిని వేసే ముందే తడపాలి. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారకూడదు.

చాలామంది వదిలేసేది ఒకటుంది. ట్యాంక్‌తో వచ్చిన ఎయిర్ పంపు గొట్టం పారేయకండి. దాన్ని వెనక మూలలో నిలువుగా, గులకరాళ్ల అడుగుదాకా దించి ఉంచండి. అద్దంలోంచి చూస్తే రాళ్ల మధ్య నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో తెలుస్తుంది. 2 సెంటీమీటర్లు దాటితే సిరంజి తగిలించి లాగేయొచ్చు. ఈ గొట్టం లేకపోతే ఒకసారి ఎక్కువైన నీళ్లు తీయడానికి అంతా తవ్వాల్సిందే.

మూతకు 5 మిల్లీమీటర్ల అద్దం పలక, అంచులు రుద్దించి, ముందువైపు ఒక సెంటీమీటరు సందు ఉండేలా కోయించాలి. ఫిట్టోనియా, చిన్న పెపరోమియా, సెలాజినెల్లా, నాచు, పొట్టి ఫెర్న్‌లు పెట్టుకోవచ్చు. ఈ సైజుకి ఆరేడు మొక్కలు చాలు. ఫైకస్ పుమిలా అనే పాకే తీగ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ కొన్ని నెలల్లో మిగతావాటిని కప్పేస్తుంది.

నీళ్లు ఎప్పుడు పోయాలో అద్దమే చెబుతుంది. పొద్దున ముందు అద్దానికి ఆవిరి పట్టి మధ్యాహ్నానికి తేటపడితే సరిగ్గా ఉన్నట్టు. రోజంతా మసకగానే ఉంటే రెండు రోజులు మూత తీసి ఉంచాలి. మూడు నాలుగు రోజులు ఆవిరి జాడే లేకపోతే 100 మిల్లీలీటర్లు చల్లాలి. వాననీళ్లు గానీ ఫిల్టర్ చేసిన ఆర్వో నీళ్లు గానీ వాడండి. రంధ్రం లేదు కాబట్టి కుళాయి నీళ్లలోని లవణాలు బయటికి పోయే దారే ఉండదు, క్రమంగా పేరుకుని ఆకుల అంచులు మాడొచ్చు. మొదటి రెండు మూడు వారాల్లో బెరడు ముక్కల మీద తెల్లబూజు రావడం మామూలే. తుడిచేసి, కాస్త గాలి ఆడనిస్తే తగ్గిపోతుంది. స్ప్రింగ్‌టెయిల్స్ అనే సన్నటి తెల్ల పురుగుల్ని వదిలితే అవే తినేస్తాయి. ప్రాణాంతకమైనది నేరుగా పడే ఎండ. మూసిన అద్దంలో గంటలోనే మొక్కలు ఉడికిపోతాయి. పాత ట్యాంక్ లైటు రోజుకు 8–10 గంటలు వెలిగితే చాలు.

తెరిచిన టెర్రేరియంలో సక్యులెంట్‌లు (దళసరి ఆకుల్లో నీరు దాచుకునే మొక్కలు), కాక్టస్‌లు పెడతారు. ఫొటోల్లో అందంగా కనిపించేవి ఎక్కువ ఇవే, తొందరగా కుళ్లేవీ ఇవే. అడుగున గులకరాళ్లు వేశాం కదా, నీళ్లు దిగిపోతాయి అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. సన్నటి మట్టిలోంచి నీరు కింద ఉన్న ముతక రాళ్లలోకి సులువుగా జారదు. పై మట్టి పూర్తిగా నానితే తప్ప కదలదు. వేరు ఆ నానిన పొరలోనే ఉంటుంది. పైగా 30 సెంటీమీటర్ల గోడల మధ్య తేమగాలి అక్కడే నిలబడిపోతుంది. మొక్కల్ని పైకి లేపుదామని మట్టి మందం పెంచితే, ముతక ఇసుక మట్టి 18 సెంటీమీటర్లకే 32 లీటర్లు పడుతుంది, బరువు 40 కిలోలు దాటుతుంది.

ట్యాంక్ ఎత్తు 20 సెంటీమీటర్ల లోపే ఉంటే, రోజూ బాగా వెలుగు పడే చోటుంటే తెరిచిన పద్ధతి పనిచేస్తుంది. 2–4 మిల్లీమీటర్ల ముతక ఇసుక గానీ ప్యూమిస్ అనే తేలికైన గుల్లరాయి గానీ రెండు పాళ్లు, మట్టి ఒక పాలు. సన్న ఇసుక వద్దు, గట్టిపడిపోతుంది. మట్టి అడుగుదాకా ఆరిందని అద్దంలోంచి చూశాకే, మొక్కకు రెండు మూడు చెంచాల చొప్పున సిరంజితో దాని మొదలు దగ్గర నీళ్లు పోయాలి. హవోర్థియా, గాస్టేరియా తక్కువ వెలుగులోనూ సర్దుకుంటాయి. ఎచెవేరియా మాత్రం కాడ సాగి, రంగు వెలిసి, రూపం పోగొట్టుకుంటుంది. ఎత్తైన ట్యాంక్‌లోనే సక్యులెంట్‌లు కావాలనుకుంటే ఒక దారి ఉంది: మొక్కల్ని రంధ్రమున్న చిన్న మట్టి కుండీల్లోనే ఉంచి, చుట్టూ గులకరాళ్లు నింపి కుండీలు కనపడకుండా చేయండి. నీళ్లు పోయాల్సినప్పుడు కుండీని బయటికి తీసి తడిపి, నీరు కారిపోయాక తిరిగి పెట్టొచ్చు.

సగం నీళ్లు, సగం నేలగా ఉండే పాలుడేరియం మూడో దారి. అతుకులు గట్టిగా ఉండి, పాత ఫిల్టరు పనిచేస్తుంటేనే దాని జోలికి వెళ్లండి. పై సైజులో 10 సెంటీమీటర్ల నీళ్లంటే రాళ్లూ చెక్కా పోను 12 లీటర్లకు మించవు. చేపలకు అది చాలదు, వారం వారం నీళ్లు మార్చే పని మాత్రం తప్పదు.

30 సెంటీమీటర్లూ అంతకు మించిన ట్యాంక్‌కి మూత ఉన్నదే మేలు. ఫెర్న్ పక్కన కాక్టస్ పెట్టి రెండు పద్ధతుల్నీ కలిపితే మాత్రం ఏ తేమ దగ్గరా రెండూ బతకవు. ఒకటి ఎండుతుంది, లేదా ఒకటి కుళ్లుతుంది.