విజయనగరంలో వాల్‌పేపర్ వేయించాం: పని బాగుంది, లెక్కే తేడా

కంటోన్మెంట్‌లో మా ఇంటి హాలుకీ, పడగ్గది సీలింగుకీ ఊళ్ళోని ఒక షాపు వాళ్ళతో వేయించాం. పనికి మాత్రం వంక పెట్టలేం. రాగానే రోల్ విప్పేయలేదు, గోడంతా చేత్తో తడిమి, బాత్రూమ్ పక్క గోడలో చెమ్మ ఉంది, అది ఆరేదాకా ముట్టుకోం అన్నారు. తర్వాత ప్రైమర్ కొట్టి, దారానికి గుండు కట్టి వేలాడదీసి, నిలువు గీత గీసుకున్నాకే మొదటి ముక్క అంటించారు, ఎందుకంటే మన గోడల మూలలు తిన్నగా ఎక్కడుంటాయి, వాటిని నమ్ముకుంటే నాలుగు ముక్కలు అయ్యేసరికి పువ్వులన్నీ పక్కకి ఒరిగిపోతాయి. గమ్ము రాసిన కాగితాన్ని లోపలికి మడిచి కాసేపు నాననిచ్చారు; లేకపోతే గోడ మీదే సాగి బుడగలు వస్తాయట. సీలింగుకి ఇద్దరు ఉండాల్సిందే. ఒకాయన మడతలు పట్టుకుని కొంచెం కొంచెం వదులుతుంటే, ఇంకొకాయన బ్రష్‌తో మధ్య నుంచి అంచులకి నొక్కుకుంటూ పోయాడు. ఫ్యాన్ దగ్గర మెయిన్ ఆపించి మరీ కోశారు.

నచ్చనిది ఒక్కటే. రోలుకి 57 చదరపు అడుగులని లెక్క కట్టారు గానీ, డిజైన్ కలపడంలో పోయే ముక్కల సంగతి ముందు చెప్పలేదు, పని మధ్యలో ఇంకో రోల్ కొనిపించారు. అదే బ్యాచ్ దొరికింది కాబట్టి సరిపోయింది, లేకపోతే రంగు తేడా కొట్టేదే. మీరు వేయిస్తే రోల్స్ లెక్క కాగితం మీద రాయించుకోండి.