గుర్రం లేకుండా ఆడే లీలా బాట్: మూడు నెలలు ఆడాక నా రివ్యూ

లిచెస్ అనే ఆన్‌లైన్ చెస్ సైట్‌లో లీలా నైట్ ఆడ్స్ (అంటే గుర్రం తక్కువతో ఆడే లీలా) అని ఒక బాట్, అంటే మనతో ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉంది, చెస్ పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకా ట్రై చేయకపోతే తప్పకుండా ఆడి చూడండి. పూర్తిగా ఫ్రీ, యాడ్స్ కూడా ఉండవు. ఆట మొదలయ్యేసరికే దాని గుర్రాల్లో ఒకటి బోర్డు మీద ఉండదు, మనకి మాత్రం పదహారు పావులూ ఉంటాయి, అయినా మనల్నే ఓడిస్తుంది.

స్టాక్‌ఫిష్ అనే మామూలు చెస్ ప్రోగ్రామ్‌తో గుర్రం తీసేసి ఆడితే ఈ మజా రాదు, ఎందుకంటే అది మనం కూడా తనంత బాగా ఆడతామనే లెక్కలో ఉంటుంది. లీలాని అలా తయారుచేయలేదు, ఎదురుగా ఉన్నది మనిషి, ఎక్కడో ఒకచోట తప్పు చేస్తాడు అనే లెక్కతో ఆడుతుంది. క్వీన్‌లు మార్చుకుందాం అని మనం ఎదురెళ్తే పక్కకి తప్పుకుంటుంది, పావులన్నీ బోర్డు మీదే ఉంచి చిక్కుముడి బిగిస్తూ పోతుంది.

నా ఆట ఒకటి చెప్తాను. నల్లపావులు నావి, పది నిమిషాల గేమ్, ఇరవై ఎత్తుల దాకా ఒక్క తప్పు చేయలేదు, గుర్రం ఎక్కువ ఉంది కదా అని ధైర్యంగా దాని రాజు మీదకి బంట్లు తోసుకుంటూ వెళ్ళాను. అక్కడే పోయింది. నేను తోసిన బంట్ల వెనక ఖాళీ అయిన గడుల్లోకి దాని బిషప్, రూక్ వచ్చి కూర్చున్నాయి, ఐదు ఎత్తుల్లో ఆట కట్టు. ఎటాక్ చేయాల్సిన అవసరమే నాకు లేదు, దొరికిన పావునల్లా మార్చుకుంటూ కూర్చుంటే చాలు అని ఆ రోజు బాగా అర్థమైంది.

గ్రాండ్‌మాస్టర్లు కంప్యూటర్ల మీద నేర్చుకున్నదీ దాదాపు ఇదే. 2002లో బహ్రెయిన్‌లో రష్యా గ్రాండ్‌మాస్టర్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ అనే చెస్ ప్రోగ్రామ్ మీద క్వీన్‌లు తొందరగా మార్చేసుకుని నెమ్మదిగా ఆడి రెండు గేమ్‌లు గెలిచాడు, తర్వాత రెండు ఓడి మ్యాచ్ 4-4 అయింది. 2003లో న్యూయార్క్‌లో మాజీ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ ఎక్స్‌త్రీడీ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రామ్ మీద మూడో గేమ్‌లో మధ్యలో బంట్లతో దారులన్నీ మూసేశాడు, ఏం చేయాలో తెలియక అది పావుల్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది, ఆయన క్వీన్ వైపు తాపీగా వెళ్ళి గెలిచాడు. నాకు ఇప్పటికీ ఇష్టమైన గేమ్ అది. కానీ ఓపిక ఒక్క క్షణం జారితే అంతే, 2006లో బాన్‌లో అదే క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్‌తో ఆడుతూ, ఒక్క ఎత్తులో తన రాజుకి మేట్ (ఆట కట్టు) ఉందని చూసుకోకుండా ఓడిపోయాడు, ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్నప్పుడు!

ఆ మూసేసే టెక్నిక్ ఇప్పుడు సమాన పావులతో పెద్దగా పనిచేయదు, 2020లో స్టాక్‌ఫిష్‌లో కూడా న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణల నుంచి తనే నేర్చుకునే ప్రోగ్రామ్) పెట్టాక మూసుకున్న పొజిషన్లు కూడా బాగానే చూస్తోంది. అందుకే ఈ రోజుల్లో మనిషికీ మెషీన్‌కీ నిజమైన పోటీ కావాలంటే ఇలా పావు తీసేసి ఆడటమే మంచి దారి అని నా అభిప్రాయం. గెలుపు మన చేతిలోనే ఉంటుంది, నిలబెట్టుకోవడమే కష్టం.

నచ్చనిది ఒకటే, ఎక్కడ తప్పు చేశామో బాట్ చెప్పదు, గేమ్ అయ్యాక ఎనాలిసిస్ మనమే పెట్టుకుని కూర్చోవాలి. అది చేయకపోతే మాత్రం ఆడి లాభం లేదు. టైమ్ పదిహేను నిమిషాలు, ఎత్తుకి పది సెకన్లు చొప్పున పెట్టుకోండి, బ్లిట్జ్‌లో, అంటే కొద్ది నిమిషాల్లో అయిపోయే ఆటల్లో, దీనితో పెట్టుకోకండి. కొత్తగా ఆడేవాళ్ళయితే ముందు క్వీన్ లేకుండా ఆడే లీలా క్వీన్ ఆడ్స్ బాట్‌తో మొదలుపెట్టి, దాన్ని నాలుగైదు సార్లు గెలిచాక దీని దగ్గరికి రండి.